త్యాగయ్యకి ఎదురుగా ఒక ఆవిడ

మన ఊళ్ళలో విగ్రహాలకి కొదవ లేదు. నాలుగు రోడ్లు కలిసే చోటు కనిపిస్తే చాలు, మధ్యలో ఓ దిమ్మె, దిమ్మె మీద ఓ నాయకుడు, చుట్టూ ఇనప కంచె. ఆ నాయకుల మధ్య అప్పుడప్పుడూ ఓ పాటగాడు కూడా కనిపిస్తాడు. ఘంటసాల విగ్రహాలు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో లెక్క తీయడం కష్టం. పాడినవాళ్ళని ఊరు గుర్తుపెట్టుకోవడం మంచిదే, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ సంగీతకారుల విగ్రహాల దగ్గర నాకో ప్రశ్న మిగిలిపోతూ ఉంటుంది. నాయకుడి విగ్రహానికి ఏడాదికోసారి దండ వేస్తే పని అయిపోతుంది. పాటగాడి విగ్రహానికి దండ ఒక్కటీ సరిపోతుందా? అక్కడ ఎవరైనా పాడాలి కదా. మరి అక్కడ ఎవరు పాడొచ్చు, ఎవరు పాడకూడదు? అది తేల్చేది ఎవరు?

ఈ ప్రశ్న మీద ఒక చిన్న ఊళ్ళో ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. ఆ ఊరు తిరువయ్యారు. తంజావూరుకి ఉత్తరంగా పదమూడు కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున ఉంటుంది. అయిదు నదుల ఊరని ఆ పేరుకి అర్థం. ఊరు తమిళ ఊరే గానీ, అక్కడి సంగీతకారుడు త్యాగయ్య మనవాడు. మనవాడని ఎందుకంటున్నానంటే, ఆయన రాసిన కృతులు దాదాపు అన్నీ తెలుగే. ప్రతి పుష్య బహుళ పంచమి నాడు తెలుగు రాని వందలమంది ఆ ఊళ్ళో ఇసక తీరాన కూర్చుని తెలుగులో పాడతారు. టీవీలో చూసే ఉంటారు. ఆ పాట వెనక ఒక కట్టడం ఉంది, ఆ కట్టడం వెనక ఒక ఆవిడ ఉంది. ఆవిడ కట్టించిన చోట చాలా కాలం ఆవిడనే పాడనివ్వలేదు. నేను చెప్పదల్చుకున్నది ఆ సంగతి.

*

త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టి, 1847 జనవరి 6న తిరువయ్యారులో పోయారు. చివరి రోజుల్లో సన్యాసం తీసుకున్నారు కాబట్టి దహనం చెయ్యలేదు, కావేరి ఒడ్డున సమాధి చేసి పైన చిన్న బృందావనం కట్టారు. ఆయన వంశం ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. ఒక్కతే కూతురు సీతాలక్ష్మి, ఆవిడకి ఒక కొడుకు. ఆ మనవడికి పిల్లల్లేరు. అంటే సమాధికి ఏడాదికోసారి దీపం పెట్టే బాధ్యత ఉన్న ఇల్లంటూ మిగల్లేదు.

ఇల్లు లేకపోయినా శిష్యులున్నారు. త్యాగయ్య పాట మూడు శిష్య పరంపరల్లో బతికింది: వాలాజాపేట, ఉమయాళపురం, తిల్లైస్థానం. ముగ్గురూ మూడు ఊళ్ళవాళ్ళు. తాటాకుల మీద, నోటు పుస్తకాల్లో కృతులు రాసుకున్నారు, శిష్యులకి చెప్పారు. ఆ శిష్యులు మద్రాసు వెళ్ళి కచేరీలు చేశారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి త్యాగయ్య కృతి లేకుండా కచేరీ లేదన్న స్థితి వచ్చింది. అదే సమయంలో ఆయన సమాధి చుట్టూ ముళ్ళపొదలు పెరిగాయి. పాట ఊరు దాటి వెళ్ళిపోయింది, రాయి ఊళ్ళోనే ఉండిపోయింది. రెంటికీ లంకె తెగింది.

1903లో ఉమయాళపురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అనే అన్నదమ్ములు సమాధిని వెతుక్కుంటూ వచ్చారు. త్యాగయ్య దగ్గర నేరుగా నేర్చుకుని అప్పటికి మిగిలి ఉన్న శిష్యులు వాళ్ళు. తుప్పలు కొట్టించి, బృందావనాన్ని బాగుచేయించి వెళ్ళారు. అక్కడి నుంచి కథ మళ్ళీ మొదలవుతుంది.

ఆ దశకం చివర్లో తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే మరో అన్నదమ్ములు ఏటేటా ఆరాధన ఉత్సవం జరిపించడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకే వాళ్ళ మధ్య పొరపొచ్చాలు వచ్చి ఉత్సవం రెండయింది. ఒకటి పెరియ కట్చి, ఇంకొకటి చిన్న కట్చి. మన మాటల్లో పెద్ద పార్టీ, చిన్న పార్టీ. ఒకే సమాధి, ఒకే కృతులు, రెండు పందిళ్ళు. మన ఊళ్ళో వినాయక చవితికి పక్కపక్క వీధుల్లో రెండు పందిళ్ళు వేసి మైకులు పోటీగా పెట్టుకునే వ్యవహారం తెలిసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఈ రెండు పార్టీలకీ ఎన్నింట్లో పడకపోయినా ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు.

*

బెంగళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడు దగ్గర దేవదాసి కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. సంగీతంతో పాటు సంస్కృతం, కన్నడం, తెలుగు చదువుకున్నారు. మైసూరులో బిడారం కృష్ణప్ప దగ్గర త్యాగరాజ కృతులు నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు చేరి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నారు. గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆవిడేనని చెబుతారు. అది నిజంగా మొదటిదో కాదో గానీ, ఆవిడ సొంత సంపాదన మీద నిలబడిన మనిషి అనడానికి ఆ మాట బాగా పనికొస్తుంది.

1921లో గురువు కృష్ణప్ప నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారు వెళ్ళాననీ, సమాధి మళ్ళీ పాడుపడి ఉందనీ, దానికేదైనా చెయ్యమనీ దాని సారాంశం. 1903లో తుప్పలు కొట్టించిన చోట పద్దెనిమిదేళ్ళు తిరక్కుండానే మళ్ళీ తుప్పలు. ఏటేటా రెండు పార్టీలు ఉత్సవం చేస్తున్నా, ఉత్సవం అయ్యాక మిగిలిన రోజులు సమాధి ఎవరిదీ కాదు. అప్పటికి ఆవిడకి నలభై మూడేళ్ళు. ఆ ఏడాదే పునాది వేయించారు. మద్రాసులో సంపాదించిన ఆస్తి, నగలు ఈ పనికే పోయాయి. సమాధి చుట్టూ గుడి కట్టించారు, త్యాగయ్య విగ్రహం చెక్కించి బృందావనం ముందు పెట్టించారు. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. ఆయన మీద నూట ఎనిమిది నామాలతో అష్టోత్తరం కూడా ఆవిడే రాశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ విగ్రహం గురించి ఆలోచించాలనిపిస్తుంది నాకు. త్యాగయ్య ఎలా ఉండేవారో చూపించే ఫోటో ఏదీ లేదు. ఆయన పోయేనాటికి ఫోటో తీసే విద్య పుట్టి పదేళ్ళు కూడా కాలేదు. తంబురా, చిడతలు, తలపాగా, నుదుటి బొట్టుతో మనం క్యాలెండర్లలో చూసే మనిషి చిత్రకారుల ఊహ, భక్తుల జ్ఞాపకం కలిసి తయారుచేసిన మనిషి. అలాంటి మనిషికి రాతిలో రూపం ఇవ్వడం, దానికి అర్చన చెయ్యడానికి నామాలు రాయడం అంటే, ఒక సంగీతకారుణ్ణి ఎలా చూడాలో జనానికి నేర్పడం. ఆ నేర్పిన మనిషి ఒక దేవదాసి. పల్లకీ మోయించిన రాజో, జమీందారో కాదు. త్యాగయ్య తంజావూరు రాజు పిలిస్తే వెళ్ళలేదని, ధనం వద్దన్నారని సంప్రదాయం చెప్పే కథ. ఆ కథ ఎంత నిజమైనా కాకపోయినా, చివరికి ఆయన గుడి రాజు డబ్బుతో లేవలేదు. కచేరీ చేసి కూడబెట్టిన డబ్బుతో లేచింది. పాట డబ్బు పాటకే చేరింది.

ఇంత చేశాక ఉత్సవంలో ఆవిడకి దక్కింది ఏమిటి? గుడి కట్టించినా, విగ్రహం చెక్కించినా, పాడే హక్కు మాత్రం ఆవిడకి ఇవ్వలేదు. మగ విద్వాంసులు ముందు కూర్చుని పాడుతుంటే విని దణ్ణం పెట్టుకుని వెళ్ళాలి.

ఆవిడ అలిగి మద్రాసు వెళ్ళిపోలేదు. కోర్టు మెట్లెక్కి ఉత్సవాన్ని ఆపించనూ లేదు. 1927 ప్రాంతంలో కొందరు దేవదాసీలని కూడగట్టుకుని సమాధి వెనక వైపున మూడో ఉత్సవం మొదలుపెట్టారు. ముందు వైపు మగవాళ్ళ పాట, వెనక వైపు ఆడవాళ్ళ పాట. జనం దానికీ పేరు పెట్టారు, ఆడవాళ్ళ పార్టీ అని. ఈ రకంగా మూడు పార్టీలతో ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 1940–41 ప్రాంతంలో అందరినీ కలిపి ఒకే ఉత్సవంగా చేశారు. ఆ కలయికలో ఆడవాళ్ళకి ముందు వైపున చోటు దొరికింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కృతులు అందరూ కలిసి గోష్ఠిగా పాడే పద్ధతి స్థిరపడింది కూడా ఆ దశకంలోనే. ఇవాళ ప్రసారంలో మనం చూసే దృశ్యం, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని ఒకే గొంతుగా పాడటం, అనాదిగా వస్తున్న ఆచారం అనిపిస్తుంది. వందేళ్ళు కూడా లేదు దానికి. ఒక పోట్లాట తర్వాత కుదిరిన రాజీ అది.

*

నాగరత్నమ్మ పేరు తెలుగు సాహిత్యం చదివేవాళ్ళకి ఇంకో దారిలో తెలుసు. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది ఈవిడే. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువులో ఉన్న దేవదాసి. అంతకు ముందు ఒక అచ్చుప్రతి ఉంది గానీ, అందులో కవయిత్రి తన గురించి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి చెప్పుకున్న పద్యాలు ఎగరగొట్టారు. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని అసభ్యమని తూలనాడారు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోయిన పద్యాల్ని కలిపి, కవయిత్రి ఎవరో తెలిసేలా వేయించారు. అలాంటి శృంగారాన్ని మగ కవులు రాస్తే ఊరుకున్నవాళ్ళు ఆడది రాస్తే మాత్రం సిగ్గు గుర్తు చేస్తారేమని పీఠికలో నిలదీశారు. కొద్ది కాలానికే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం పోయింది. 1952లో పుస్తకం మళ్ళీ అచ్చయింది. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ ఏడాదే, మే 19న.

ఈ రెండు కథల్నీ సాధారణంగా విడివిడిగా చెబుతారు. సాహిత్యం వాళ్ళు రాధికా సాంత్వనం గురించి చెప్పి వదిలేస్తారు, సంగీతం వాళ్ళు సమాధి గురించి చెప్పి వదిలేస్తారు. ఒకరికి ఆవిడ తిరుగుబాటుదారు, ఇంకొకరికి పరమ భక్తురాలు. నాకు మాత్రం రెండూ ఒకటే పనిగా కనిపిస్తాయి. ముద్దుపళని కొలువు చేసింది ప్రతాపసింహుడి కాలంలో. ఆయన పోయిన నాలుగేళ్ళకి త్యాగయ్య పుట్టారు. ఇద్దరిదీ ఒకే రాజ్యం, ఒకే తెలుగు, దాదాపు వరస తరాలు. ఒకరు కావ్యం రాసిన దేవదాసి, ఇంకొకరు రాముడి మీద కృతులు రాసిన బ్రాహ్మడు. ఒకరి పేరు పుస్తకంలోంచి చెరిపేశారు, ఒకరి సమాధిని తుప్పలకి వదిలేశారు. ఇద్దర్నీ తవ్వి బయటికి తీసింది ఒకే మనిషి. ఆ మనిషికి ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా అయినట్టు లేదు. తేడా అంతా లోకం ఇచ్చిన జవాబులో ఉంది. త్యాగయ్యకి గుడి కడితే భేష్ అన్నారు, ముద్దుపళనిని అచ్చు వేస్తే పోలీసులొచ్చారు.

1947 గురించి ఇంకో మాట. రాధికా సాంత్వనం మీద నిషేధం తొలగిన ఆ ఏడాదే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరం గురించి నాకు సందేహం లేదు. గుడికి సమర్పించడం పేరిట చిన్నపిల్లల బతుకు ఏమయ్యేదో ముత్తులక్ష్మి రెడ్డి లాంటివాళ్ళు చెప్పింది కల్పన కాదు. కానీ నాగరత్నమ్మ 1920ల చివర్లో మద్రాసు దేవదాసీల సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించారు. మమ్మల్ని మీరు ఉద్ధరించేటప్పుడు మా విద్యని, మా ఆస్తిహక్కుని, మా సంపాదనని ఏం చేస్తారన్నది వాళ్ళ బాధ. ఆ ప్రశ్నకి చట్టం దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ తర్వాత వాళ్ళ పాట, ఆట గౌరవనీయమైన ఇళ్ళలోకి వెళ్ళాయి. వాళ్ళు మాత్రం వెళ్ళలేదు. తిరువయ్యారులో కూడా అదే జరిగింది. సమాధి వెనక నుంచి ముందుకి వచ్చే హక్కుని గెలిచింది దేవదాసీలు. అది గెలిచాక ఆ ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు ఎక్కువగా వేరే ఇళ్ళ ఆడవాళ్ళు.

*

నేను తిరువయ్యారు వెళ్ళింది ఆరాధన రోజుల్లో కాదు, వేసవిలో. తంజావూరు నుంచి టౌను బస్సు. కావేరిలో నీళ్ళు లేవు, ఇసక మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. సమాధి ప్రాంగణంలో నేనూ, ఊడ్చే మనిషీ, నీడకి పడుకున్న ఇద్దరు ముసలివాళ్ళూ తప్ప ఎవరూ లేరు. గోడల మీద చెక్కిన కృతులు చదువుకుంటూ నెమ్మదిగా తిరిగాను. కాసేపటికి ఒకాయన వచ్చి, చెప్పులు బయట విప్పి, సమాధి ముందు కూర్చుని ఒక కృతి పాడుకుని లేచి వెళ్ళిపోయాడు. శ్రుతి పెట్టె లేదు, వినమని ఎవర్నీ అడగలేదు. రాగం మీద పెద్ద పట్టున్న గొంతు కూడా కాదది. కానీ ఆ రాయి ముందు ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు.

నాగరత్నమ్మ విగ్రహం ఆ ప్రాంగణంలోనే ఉంది. ఆవిడ పోయాక సమాధి అక్కడే కట్టి, త్యాగయ్యకి ఎదురుగా, ఆయన వైపు చూస్తున్నట్టుగా విగ్రహం పెట్టారు. చాలామంది దాన్ని చూసి భక్తురాలి విగ్రహం అనుకుని దణ్ణం పెట్టి వెళతారు. అందులో తప్పేమీ లేదు, ఆవిడ భక్తురాలే. కానీ నాకు ఆ విగ్రహం పెట్టిన చోటు ముఖ్యం అనిపించింది. వెనక వైపు కాదు, ఎదురుగా. ఏ దిక్కు నుంచి పాడినందుకు ఆవిడకి మూడో పార్టీ అన్న పేరొచ్చిందో, ఆ దిక్కు కాదు.

మన దేశంలో సంగీతకారులకి కట్టిన కట్టడాలు ఉన్నాయి. కట్టించినవాళ్ళ పేరు ఏ మూలో చిన్న పలక మీద ఉంటుంది, ఫలానా మంత్రిగారి కరకమలములచే అని. కట్టించిన మనిషి కూడా సంగీతకారిణి అయ్యుండి, ఆవిడకీ అక్కడే రాతిలో చోటు దొరకడం, ఇద్దరూ ఒకరికొకరు ఎదురెదురుగా ఉండటం ఇంకెక్కడైనా ఉందేమో నాకు గుర్తు రావడం లేదు.

*

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక పేచీ ఉంది, దాన్ని దాచిపెట్టడం బాగుండదు. నాగరత్నమ్మ త్యాగయ్యని దేవుణ్ణి చేశారు. విగ్రహం, అభిషేకం, అష్టోత్తరం, అన్నీ గుడి వ్యవహారమే. సంగీతకారుడు దేవుడయ్యాక ఆయన సంగీతం గురించి మాట్లాడటం కష్టమవుతుంది. ఒక కృతిలో మాట తప్పుగా పాడుతున్నారని ఎవరైనా అంటే అది పాఠభేదం చర్చ కాకుండా అపచారం అయిపోతుంది. ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఎవరి నుంచి నేర్చుకున్నారు అనేది వెనక్కి పోతుంది. తంజావూరు ఆ రోజుల్లో ఒక్క త్యాగయ్య ఊరు కాదు. మేళాలు, నట్టువనార్లు, నాగస్వరం వాళ్ళు, కొలువులో పాడే ఆడవాళ్ళు, దర్బారులో మరాఠీ హరికథలు, సర్ఫోజీ కాలానికి ఇంగ్లీషు బ్యాండు. ఆ చప్పుళ్ళన్నీ వింటూ పెరిగిన మనిషి ఆయన. సమాధి ఒక్కటే మిగిలేసరికి, చుట్టూ ఉన్న ఆ జనమంతా మాయమై, ఒక్క ఋషి కావేరి ఒడ్డున ఒంటరిగా తపస్సు చేసినట్టు కథ తయారైంది.

ఏ విగ్రహమైనా ఈ పని చేస్తుంది. ఒకర్ని పైకి ఎత్తాలంటే పక్కవాళ్ళని కింద వదిలెయ్యాలి. ఎన్టీ రామారావు 1980లలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా పెట్టించినప్పుడు త్యాగయ్య, క్షేత్రయ్య, రామదాసు కూడా ఆ వరసలో నిలబడ్డారు. సంతోషమే. ఆడవాళ్ళలో రుద్రమదేవి, మొల్ల ఉన్నారు. ముద్దుపళని లేదు, నాగరత్నమ్మ లేదు. క్షేత్రయ్య పదాల్ని తరతరాలుగా నోటి మీద నిలబెట్టిన దేవదాసీల్లో ఒక్కరూ లేరు. పదం రాసినవాడికి రాయి దొరికింది, పాడి బతికించినవాళ్ళకి దొరకలేదు. తిరువయ్యారులో ఇద్దరికీ దొరికింది. కానీ అక్కడ కూడా అది ఎవరో తల్చుకుని ఇచ్చింది కాదు, ముందు ఆవిడ చోటు కట్టుకుంది కాబట్టి దొరికింది.

రాయి ఒక్కటే గౌరవమా అంటే అదీ కాదు. చిత్తూరు నాగయ్య సంగతి చూడండి. 1946లో త్యాగయ్య సినిమా తీసి, తనే ఆ వేషం వేసి, తనే పాడిన మనిషి. ఆయన తిరువయ్యారులో త్యాగరాజ నిలయం పేరుతో సత్రం కట్టించారు. విగ్రహం పెట్టించగల స్తోమత, పేరు రెండూ ఉన్న రోజుల్లో ఆయన ఆలోచించింది, అక్కడికి పాడటానికి వచ్చేవాళ్ళు రాత్రికి ఎక్కడ పడుకుంటారా అని. దానధర్మాలకి ఎంత పేరో, చివర్లో చేతిలో పైసా లేక పడిన ఇబ్బందులకీ నాగయ్యకి అంతే పేరు. ఆ సత్రం గురించి చదివినప్పుడల్లా నాకు, సంగీతకారుణ్ణి తల్చుకోవడం ఇలా కూడా ఉంటుంది అనిపిస్తుంది.

*

ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లోనూ చిన్న ఊళ్ళ గోడల మీద బొమ్మలు వేయిస్తున్నారు. ఫ్లైఓవర్ స్తంభాల మీద, రైల్వే స్టేషన్ల గోడల మీద డప్పు కొట్టేవాళ్ళు, వీణ వాయించేవాళ్ళు, బుర్రకథ చెప్పేవాళ్ళు కనిపిస్తున్నారు. బొబ్బిలి వీణకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ వీణ బొమ్మకి కూడా గిరాకీ వచ్చింది. చూడటానికి బాగుంటాయి, నేను కూడా ఫోన్ తీసి ఫోటోలు తీసుకుంటాను. కానీ ఆ బొమ్మల్లో వాయించేవాళ్ళకి ముఖం ఉంటుంది, పేరు ఉండదు. పనసకర్ర ఒక్క మొద్దుని తొలిచి వీణ చేసే మనిషికి ఆ ముఖం కూడా ఉండదు. ఆ గోడ ముందు పండగపూట ఎవరైనా డప్పు కొడితే ట్రాఫిక్‌కి అడ్డమని లేపేస్తారేమో కూడా తెలియదు.

అందుకే నాగరత్నమ్మ చేసిన పనుల్లో నాకు గుడి కన్నా, విగ్రహం కన్నా గొప్పగా కనిపించేది ఒక కాగితం. 1949లో, డెబ్భై ఏళ్ళు దాటాక, ఆవిడ వీలునామా రాశారు. తన ఆస్తిని సమాధి నిర్వహణకి, పూజకి వదిలేస్తూ, అక్కడ ఆడవాళ్ళకి, దేవదాసీలతో సహా, పూజ చేసుకునే హక్కు, పాడే హక్కు ఉండి తీరాలని షరతు పెట్టారు. అప్పటికి ఉత్సవాలు కలిసిపోయి ఎనిమిదేళ్ళు దాటింది. ఆడవాళ్ళు ముందు కూర్చుని పాడుతూనే ఉన్నారు. ఇంక రాయక్కర్లేదు కదా అనుకోవచ్చు. ఆవిడ అనుకోలేదు. 1903లో బాగుచేసిన సమాధి 1921కి మళ్ళీ పాడుపడటం ఆవిడకి తెలుసు. రాయినే అన్నేళ్ళకి మర్చిపోయిన జనం, మాట ఇచ్చిన సంగతి మర్చిపోవడానికి ఎంతసేపు పడుతుంది? అందుకని మంచితనానికి వదిలెయ్యకుండా స్టాంపు కాగితం మీద పెట్టారు.

మీ ఊళ్ళో రేపు ఓ పాటగాడికి విగ్రహం పెడదామని ఎవరైనా చందాకి వస్తే, తప్పకుండా ఇవ్వండి. ఇచ్చే ముందు మాత్రం ఒక్క మాట అడగండి. కంచు ఎంత, ఎత్తు ఎంత, ఆవిష్కరణకి ఎవరొస్తారు అని కాదు. ఆవిష్కరణ అయిపోయిన మర్నాడు అక్కడ ఎవరు పాడొచ్చు, ఆ సంగతి ఏ కాగితం మీద రాసి పెట్టారు అని.